చెకర్ ఎవరు? వెబ్ అప్లికేషన్‌కు టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకోవడం ఎలా

ఇంజనీరింగ్, ఎంసీఏ చదువుతున్న పిల్లలున్న ఉద్యోగుల ఇళ్లలో ఈమధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "టెస్టింగ్‌లో ఉద్యోగం రావాలంటే సెలీనియం నేర్చుకోవాలా, ప్లేరైట్ నేర్చుకోవాలా?" ఐటీ విభాగాల్లో పనిచేసే మన సహోద్యోగులకూ దాదాపు ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కొత్త వెబ్ అప్లికేషన్ తయారవుతున్నప్పుడు దాన్ని పరీక్షించడానికి ఏ ఫ్రేమ్‌వర్క్ తీసుకోవాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే దారిలో దొరుకుతుంది. సాధనం పేరుతో మొదలుపెట్టకుండా, "ఇందులో ఏది తప్పితే ఎవరికి నష్టం?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. సాంకేతిక విషయాలతో పరిచయం లేని కుటుంబ సభ్యులకు కూడా అర్థమయ్యేలా, అందరికీ తెలిసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

ఒక బ్యాంకు వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉందనుకోండి. ఖాతాదారు అందులో పేరు, పుట్టిన తేదీ, డిపాజిట్ మొత్తం, కాలవ్యవధి నింపుతారు. గడువు తీరేసరికి ఎంత వస్తుందో పేజీ చూపిస్తుంది. సరేనని నొక్కి ఓటీపీ ఇస్తే డిపాజిట్ తెరుచుకుంటుంది. చూడటానికి చిన్న పేజీ. దీన్ని ఎలా పరీక్షించాలో తెలిస్తే పెద్ద అప్లికేషన్ గురించి కూడా తెలిసినట్టే.

మేకర్, చెకర్

బ్రాంచిలో ఒకరు ఎంట్రీ వేస్తే మరొకరు చూసి పాస్ చేస్తారు. మేకర్, చెకర్ అన్న ఈ ఏర్పాటు బ్యాంకు ఉద్యోగులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాము రాసేవారు మేకర్. ఆ ప్రోగ్రామును పరీక్షించడానికి రాసిపెట్టుకున్న మరో చిన్న ప్రోగ్రామే చెకర్. దీన్నే ఆటోమేటెడ్ టెస్ట్ అంటారు. ఇది సెలవు పెట్టదు, అలసిపోదు, అర్ధరాత్రి నడపమన్నా నడుస్తుంది.

మన ఉదాహరణలో వడ్డీ రేటు 7 శాతం అనుకుందాం. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిస్తే లక్ష రూపాయలు ఏడాదికి రూ.1,07,185.90 అవుతాయి. సీనియర్ సిటిజన్లకు అర శాతం అదనం ఇచ్చి 7.5 శాతం లెక్క కడితే రూ.1,07,713.59 రావాలి. తేడా రూ.527.69. సరిగ్గా 60 ఏళ్లు నిండిన రోజున డిపాజిట్ చేసిన వ్యక్తిని ప్రోగ్రాము సీనియర్ సిటిజన్‌గా గుర్తించలేదనుకోండి, ఆయన లక్షకు ఇంత నష్టపోతారు. కౌంటర్‌లో ఒకరి చేతిలో జరిగిన పొరపాటు ఒక ఖాతాతో ఆగుతుంది. ప్రోగ్రాములో దొర్లిన పొరపాటు అదే షరతు వర్తించే ప్రతి ఖాతాకూ పాకుతుంది.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. రూ.1,07,713.59 అన్న అంకె ఎక్కడి నుంచి రావాలి? సర్క్యులర్‌లోని నిబంధన చూసి, ప్రోగ్రాము రాసినవారు కాకుండా మరొకరు విడిగా లెక్క కట్టి ఇవ్వాలి. ప్రోగ్రాము చూపించిన అంకెనే తెచ్చి "ఇదే సరైన జవాబు" అని టెస్టులో రాసుకుంటే, వోచరు రాసినవారే దాన్ని పాస్ చేసినట్టవుతుంది. ఎంత ఖరీదైన ఫ్రేమ్‌వర్క్ అయినా ఈ లోపాన్ని సరిదిద్దలేదు.

ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటి?

టెస్టులు వందలు, వేలు అయ్యేసరికి వాటిని ఒక పద్ధతిలో నడిపే ఏర్పాటు కావాలి. టెస్టులన్నిటినీ వెతికి పట్టుకుని వరసగా నడపడం, రావలసిన జవాబుతో వచ్చిన జవాబును పోల్చడం, ప్రతి టెస్టుకు ముందు కావలసిన డేటా సిద్ధం చేయడం, అయ్యాక శుభ్రం చేయడం, ఎన్ని గట్టెక్కాయో ఎన్ని తప్పాయో నివేదిక ఇవ్వడం. ఈ పనులన్నీ కలిపి చేసిపెట్టేదే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్. తనిఖీ ఏం చేయాలో చెప్పేది మనమే. తనిఖీకి కావలసిన రిజిస్టర్లు, నమూనా పత్రాలు అందించేది ఫ్రేమ్‌వర్క్.

మూడు అంచెల తనిఖీ

బ్రాంచిలో నోట్ల కట్టను కౌంటర్‌లోనే లెక్కపెడతారు. సాయంత్రం క్యాష్ పుస్తకంతో సరిచూస్తారు. ఎప్పుడో ఒకసారి ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చి మొత్తం బ్రాంచిని పరిశీలిస్తారు. కట్టలో ఒక నోటు తక్కువైన సంగతి ఇన్‌స్పెక్షన్‌లోనే బయటపడాలని ఎవరూ కూర్చోరు. సాఫ్ట్‌వేర్ పరీక్ష కూడా అంతే.

మొదటి అంచె యూనిట్ టెస్టులు. వడ్డీ లెక్క, వయసు లెక్క లాంటి ఒక్కో చిన్న భాగాన్ని విడిగా పరీక్షిస్తాయి. వందల టెస్టులు కొద్ది సెకన్లలో పూర్తవుతాయి.

రెండో అంచె ఇంటిగ్రేషన్ టెస్టులు. పేజీ పంపిన వివరాలు సర్వర్‌కు, అక్కడి నుంచి డేటాబేస్‌కు సరిగా చేరాయా అని చూస్తాయి.

మూడో అంచె ఎండ్ టు ఎండ్ టెస్టులు. నిజంగా బ్రౌజర్ తెరిచి, ఖాతాదారు చేసినట్టే గడులు నింపి, బటన్ నొక్కి, చివరికి రసీదు వచ్చిందా అని చూస్తాయి. నమ్మకం ఎక్కువ ఇచ్చేవి ఇవే, నెమ్మదిగా నడిచేవీ ఇవే. పేజీలో బటన్ చోటు మారితే విరిగిపోయేవీ ఇవే.

అందుకే కింది అంచెలో ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ టెస్టులు ఉండాలని చెబుతారు. దీనికి టెస్ట్ పిరమిడ్ అని పేరు. మైక్ కోన్ 2009లో తన పుస్తకంలో రాసిన తర్వాత ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. మన డిపాజిట్ పేజీలో 60 ఏళ్లు నిండడానికి ముందు రోజు, నిండిన రోజు, మర్నాడు అన్న మూడు సందర్భాలకూ బ్రౌజర్ తెరవనవసరం లేదు. వయసు లెక్క కట్టే భాగాన్ని మూడుసార్లు అడిగితే చాలు. ఏ తప్పు ఏ అంచెలో దొరుకుతుందో ముందే రాసుకుంటే, ఏ సాధనం కావాలో సగం తేలిపోతుంది.

మొదటి అంచెకు సాధనాలు

ఇక్కడ ఎంపిక సులభం. అప్లికేషన్ ఏ భాషలో రాస్తే ఆ భాష సాధనమే తీసుకోవాలి. జావా అయితే జేయూనిట్. దీన్ని కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్తూ విమానంలో రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలా భాషల్లో ఇదే పద్ధతిలో సాధనాలు వచ్చాయి. పైథాన్ అయితే పైటెస్ట్. జావాస్క్రిప్ట్ అయితే ఫేస్‌బుక్‌లో పుట్టిన జెస్ట్, లేదా దాని తర్వాత వచ్చిన వీటెస్ట్.

ఈ అంచె ఎంత అవసరమో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. జావాస్క్రిప్ట్‌లో మామూలుగా 0.1, 0.2 కూడితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటరు దశాంశాలను ద్వియాంశ రూపంలో దాచుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. పైసలు లెక్కించే చోట దీన్ని పట్టించుకోకపోతే టాలీ కుదరదు. అందుకే డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా గానీ, దశాంశాల కోసం ఉన్న ప్రత్యేక పద్ధతిలో గానీ లెక్కిస్తారు. అలా చేశారా లేదా అని చూసేది యూనిట్ టెస్టు.

రెండోది మన భాషకు సంబంధించినది. "శ్రీలక్ష్మి" అన్న పేరు మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో అది 11 సంకేతాలు. "శ్రీ" ఒక్కదానికే నాలుగు పడతాయి. పేరు గడికి పది అక్షరాల హద్దు పెట్టి, ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షిస్తే, ఈ పేరు చివర తెగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. రసీదు చేతికొచ్చాక తెలుగులో పేరు నింపిన ఖాతాదారుకే తెలుస్తుంది.

బ్రౌజర్‌ను నడిపే సాధనాలు

పిల్లలు అడిగే ప్రశ్న ఈ అంచెకు సంబంధించినది. ఇక్కడ మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి.

సెలీనియం వీటిలో పెద్దది. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగ్గిన్స్ దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో టెస్టింగ్ సాధనాలు అమ్మే మెర్క్యురీ అనే కంపెనీ ఉండేది. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అన్న చమత్కారంతో ఈ పేరు పెట్టారని చెబుతారు. దీని వెబ్‌డ్రైవర్ పద్ధతిని 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ అధికారిక ప్రమాణంగా గుర్తించింది. జావా, పైథాన్, సీ షార్ప్, రూబీ, జావాస్క్రిప్ట్ భాషల్లో రాయవచ్చు. పాత అప్లికేషన్లు, వాటి వేలాది టెస్టులు ఉన్న చోట ఇది ఇప్పటికీ గట్టి పునాది. అయితే పేజీ పూర్తిగా సిద్ధమయ్యేదాకా ఎలా ఆగాలో చాలావరకు టెస్టు రాసేవారే చెప్పుకోవాలి. అది సరిగా చెప్పకపోతే టెస్టులు ఒకసారి గట్టెక్కి, ఒకసారి తప్పుతుంటాయి.

సైప్రస్ టెస్టు అప్లికేషన్‌తో పాటు బ్రౌజర్ లోపలే నడుస్తుంది. ఏ అడుగులో పేజీ ఎలా ఉందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. నేర్చుకోవడం తేలిక. కానీ టెస్టులు జావాస్క్రిప్ట్‌లో గానీ టైప్‌స్క్రిప్ట్‌లో గానీ మాత్రమే రాయాలి. బ్రౌజర్ లోపల ఉండటం వల్ల ఒకేసారి రెండు ట్యాబ్‌లు తెరిచి చేసే పనులకు ఇది అంతగా కుదరదు.

ప్లేరైట్‌ను మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసింది. క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడింటినీ ఒకే టెస్టుతో నడుపుతుంది. బటన్ కనబడి, నొక్కడానికి వీలయ్యేదాకా తానే ఆగుతుంది. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, పైథాన్, జావా, డాట్‌నెట్ భాషల్లో రాయవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు చాలామంది దీని వైపు చూడటానికి కారణం ఇదే. ఒక జాగ్రత్త: వెబ్‌కిట్ ఐఫోన్‌లోని సఫారీకి ఆధారమైన ఇంజిన్, కానీ అచ్చంగా ఆ ఫోనే కాదు. ముఖ్యమైన పేజీలను నిజమైన ఫోన్లలో కూడా చూడాలి.

ఎంచుకునే ముందు ఆరు ప్రశ్నలు

ఈ మూడింటిలో ఏది మంచిదని కాదు, ఏది మనకు తగినదని అడగాలి. అందుకు ఈ ఆరు ప్రశ్నలు ఉపయోగపడతాయి.

1. టెస్టులు ఎవరు రాస్తారు? బృందమంతా జావా వాళ్లయితే, జావాస్క్రిప్ట్ మాత్రమే తెలిసిన సాధనం తెస్తే అది ఒకరిద్దరి చేతిలోనే ఉండిపోతుంది. వాళ్లు బదిలీ అయితే టెస్టులు అనాథలవుతాయి. బ్యాంకుల్లో బదిలీలు ఎంత సహజమో మనకు తెలిసిందే.

2. ఖాతాదారులు ఏ పరికరాల్లో వాడతారు? ఎక్కువమంది చవకైన ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరుస్తుంటే, పెద్ద తెర మీద మాత్రమే నడిపిన టెస్టుకు అర్థం లేదు. అది వెబ్ పేజీ కాక మొబైల్ యాప్ అయితే యాపియం లాంటి వేరే సాధనం కావాలి.

3. బ్యాంకు నెట్‌వర్క్ లోపల నడుస్తుందా? భద్రత కారణంగా బయటి ఇంటర్నెట్‌కు తలుపులు మూసి ఉండే చోట, ఫలితాలను బయటి సర్వర్‌కు పంపే సదుపాయం ఎంత బాగున్నా పనికిరాదు.

4. తప్పినప్పుడు ఎలా చెబుతుంది? "తప్పింది" అని ఊరుకుంటుందా, ఏ గడిలో ఏది రావాలో, ఏది వచ్చిందో, అప్పటి పేజీ బొమ్మతో సహా చూపిస్తుందా? ప్రోగ్రామర్ కాని అధికారి చదివినా అర్థం కావాలి.

5. దివ్యాంగులకు పేజీ అందుబాటులో ఉందా లేదా చూడగలదా? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. గడులకు పేర్లు లేకపోతే చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ ఏమీ చదవలేదు. యాక్స్ అనే ఉచిత పరీక్షను పై మూడు సాధనాలతోనూ కలిపి నడపవచ్చు.

6. రేపు దీన్ని వదలాలంటే ఎంత ఖర్చు? వడ్డీ లెక్కల పరీక్షలన్నీ బ్రౌజర్ టెస్టుల్లో కలిపేస్తే, సాధనం మారిన రోజున అన్నీ తిరగరాయాలి. వాటిని మొదటి అంచెలో ఉంచితే బ్రౌజర్ సాధనం మారినా అవి చెక్కుచెదరవు.

రెండు వారాల పోటీ

ప్రశ్నల తర్వాత రెండు సాధనాలు మిగిలాయనుకుందాం. ప్రచారం చూసి తేల్చుకోవద్దు. రెండింటికీ ఒకే పరీక్ష పెట్టండి. డిపాజిట్ పేజీకి ఐదు సందర్భాలు చాలు: మామూలు డిపాజిట్, 60 ఏళ్లు నిండిన రోజున చేసిన డిపాజిట్, ఫిబ్రవరి 29న మొదలైన డిపాజిట్, తెలుగులో పేరు, ఓటీపీ తప్పుగా ఇచ్చి మళ్లీ సరిగా ఇవ్వడం. ఒక్కొక్క సందర్భాన్ని రెండు సాధనాల్లోనూ రాసి, ఇరవై సార్లు చొప్పున నడపండి.

మొదట చూడవలసింది నిలకడ. ప్రోగ్రాములో ఏ మార్పూ లేకుండానే ఇరవైలో రెండుసార్లు తప్పిన టెస్టు ప్రమాదకరం. బల్లి పాకినా మోగే అలారంను బ్రాంచిలో కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు. "నాన్నా పులి" కథలాగే, నిజంగా పులి వచ్చిన రోజున కూడా "మామూలేలే, మళ్లీ నడిపి చూడండి" అంటారు.

రెండోది, టెస్టు నిజంగా పట్టుకుంటుందా అన్నది. కావాలనే ప్రోగ్రాములో ఒక తప్పు పెట్టండి. సీనియర్ సిటిజన్ అదనపు అర శాతాన్ని తీసేసి టెస్టులు నడపండి. అన్నీ పచ్చగా గట్టెక్కితే ఆ టెస్టులు అలంకారానికే ఉన్నాయన్నమాట. మూడోది, టెస్టులు రాయని మూడో వ్యక్తి నివేదిక చదివి పది నిమిషాల్లో తప్పు ఎక్కడుందో చెప్పగలగాలి.

ఈ పోటీలోనైనా, ఆ తర్వాతైనా రెండు నియమాలు తప్పకూడదు. నిజమైన ఖాతాదారుల వివరాలతో టెస్టులు నడపకూడదు. కల్పిత పేర్లు, కల్పిత ఖాతాలే వాడాలి. ఓటీపీ కోసం టెస్టు సర్వర్‌లో వేరే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు అసలు సర్వర్‌లోకి పొరపాటున కూడా వెళ్లకుండా చూడటానికి కూడా ఒక టెస్టు రాయాలి.

ఏ ఫ్రేమ్‌వర్కూ చేయలేని పని

బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఖాతాలన్నిటినీ కొత్త కంప్యూటర్ వ్యవస్థకు మార్చింది. ఖాతాల సమాచారం సరిగానే చేరింది. కానీ తలుపులు తెరవగానే వ్యవస్థ తట్టుకోలేకపోయింది. ఆ బ్యాంకుకు 52 లక్షల మంది ఖాతాదారులు. లక్షలాది మంది తమ ఖాతాల్లోకి ప్రవేశించలేకపోయారు. పరిస్థితి పూర్తిగా చక్కబడటానికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు రెండూ కలిపి 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా వేశాయి. ఖాతాదారులకు చెల్లించిన పరిహారం 3 కోట్ల 27 లక్షల పౌండ్లు. రెండు డేటా కేంద్రాలు ఉంటే, భారాన్ని తట్టుకునే పరీక్షలు ఒకదానిలోనే జరిగాయని ఆ తర్వాత జరిపిన స్వతంత్ర విచారణలో తేలింది.

దీన్ని బట్టి రెండు సంగతులు తెలుస్తాయి. బ్రౌజర్ టెస్టు ఒక మనిషి చేసే పనిని చూస్తుంది. జీతాల రోజున లక్ష మంది ఒకేసారి వస్తే ఏమవుతుందో చూడటానికి జేమీటర్ లాంటి లోడ్ టెస్టింగ్ సాధనం వేరే కావాలి. ఇక ఏది పరీక్షించాలి, ఏది పరీక్షించకుండానే ముందుకు వెళ్తున్నాం అన్న నిర్ణయం మనుషులది. ఆ జాబితా రాసి, సంతకం పెట్టే బాధ్యతను ఏ సాధనమూ తీసుకోదు.

మన ప్రాంతంలోనూ ఇలాంటి పెద్ద మార్పులు చూశాం. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాక శాఖల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. పింఛను, గ్యాస్ సబ్సిడీ, బీమా వాయిదా అంటూ ఒక్కో ఇంటి ఖాతా ఎన్ని చోట్ల ముడిపడి ఉంటుందో అప్పుడు చాలామందికి తెలిసింది. ఒక్క కోడ్ మారితే ఎన్ని చోట్ల సరిచూడాలో ఆలోచించడమే టెస్టింగ్‌లో అసలు పని.

విద్యార్థులకు నాలుగు మాటలు

సెలీనియమా, ప్లేరైటా అని తేల్చుకోలేక ఆగిపోవద్దు. ఒక ప్రోగ్రామింగ్ భాష బాగా నేర్చుకోండి. దాని యూనిట్ టెస్టు సాధనంతో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఒక బ్రౌజర్ సాధనం తీసుకుని, సొంతంగా తయారుచేసిన చిన్న పేజీని పరీక్షించండి. ఒకటి బాగా వస్తే రెండోది కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. పైన చెప్పినవాటిలో చాలావరకు ఉచితంగా దొరుకుతాయి.

ఇంకో సలహా. మీ ఇంట్లో ఉన్న బ్యాంకు ఉద్యోగిని ఒక గంట కూర్చోబెట్టి అడగండి: ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఖాతాదారులు ఎక్కడెక్కడ తికమకపడతారు? ఏ తేదీల్లో లెక్క తప్పుతుంది? జాయింట్ ఖాతాలో ఒకరు చనిపోతే ఏం చేస్తారు? వచ్చే జవాబులు రాసుకోండి. ఆ కాగితమే మీ మొదటి టెస్టుల జాబితా. ఫ్రేమ్‌వర్క్‌లు పదేళ్లకోసారి మారతాయి. కౌంటర్ దగ్గర సంపాదించిన ఆ అనుభవం మాత్రం ఏ సాధనంతోనూ రాదు, అది మన ఇళ్లలోనే ఉంది.